ఖాజాగూడ తూము కేసు

చాదర్‌ఘాట్, హైదరాబాదు
24 ఏప్రిల్ 1949

ప్రియమైన మామయ్యకు,

రామచంద్రం నమస్కారాలు. అమ్మ బాగానే ఉంది. రజాకార్ల భయానికి బెజవాడ వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు, మా అన్న ఒక్కడే ఎందుకు రాడని రోజూ అడుగుతుంది. మీకు అక్కడి గాలి పడిందేమో అన్నాను. నవ్వింది.

మా లా కాలేజీలో ఈ ఏడు కొత్త నియమం పెట్టారు. చివరి సంవత్సరం విద్యార్థి ప్రతివాడూ ఆరు నెలలు ఒక వకీలు దగ్గర పనిచేసి, ఒక్క ఫౌజ్దారీ కేసైనా ముద్దాయి పక్షాన మొదటినుంచి చివరిదాకా చూసి, దానిమీద నివేదిక రాయాలి. నన్ను భూమయ్య వకీలుకు అప్పగించారు. ఆయన మీకు తెలుసు. కచేరీలో కూర్చుంటే పావుగంటలో కునుకు పట్టేస్తుంది. విద్యార్థులకు కోర్టులో నోరు తెరిచే హక్కు లేదు కనుక, అడగాల్సిన ప్రశ్నలు నేను చీటీలమీద రాసి అందించాలి, ఆయన చదవాలి. ఇదీ మా పద్ధతి.

కేసు మన వైపుదే. ఖాజాగూడ చెరువు నీరడి సాయిలు ముద్దాయి. చెరువు తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసే పని వాళ్ల ఇంటిది, తాతల నాటినుంచీ. పైనుంచి తూము లేపే గుంజ ఎన్నడో విరిగిపోయింది. అప్పటినుంచి నీరడి నీళ్లలో మునిగి, అడుగున ఉన్న చెక్క బిరడాను చేత్తో లాగాలి. మార్చి నెలలో ఒకనాడు తెల్లవారి ఊరి పటేల్ లచ్చిరెడ్డి మనిషి మొగిలి కట్టమీదికి పోయి చూస్తే తూము తెరిచి ఉంది. ఆ తర్వాతి రోజుల్లో చెరువు సగం ఖాళీ అయింది, పటేల్ చెరకు ఎండింది. పటేల్ వద్దని చెప్పినా తెరిచాడని, వెనక కమ్యూనిస్టు సంఘం వాళ్ల ప్రోద్బలం ఉందని ఫిర్యాదు. ఈ రోజుల్లో సంఘం పేరెత్తితే ఏమవుతుందో మీరు పత్రికల్లో చదువుతూనే ఉంటారు. అదృష్టం కొద్దీ పోలీసులు ఆ మాట వదిలేసి, చెరువుకు నష్టం చేశాడని మాత్రమే రాశారు. శిక్ష పడితే ఏళ్లలో పడొచ్చు.

సాయిలు పదకొండు రోజులు హవాలాతులో ఉండి జమానతు మీద బయటికొచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. మీరు చెప్పండి.

మీ మేనల్లుడు,
రామచంద్రం

తా.క. ప్రాసిక్యూటర్ మాణిక్యరావు గారు.


బెజవాడ
2 మే 1949

చిరంజీవి రామచంద్రానికి,

ఆశీస్సులు. అసలు సంగతిని తాజా కలంలో రాసే అలవాటు మీ నాన్నది. మాణిక్యరావు అని మొదటి వాక్యంలోనే రాసి ఉంటే, తక్కిన ఉత్తరం ఇంకొంచెం శ్రద్ధగా చదివేవాణ్ని.

నాకు ఇక్కడి గాలి పడలేదు. నేను నోరు తెరిస్తే చాలు, పక్కింటి ప్లీడరు నవ్వు ఆపుకుంటాడు. "మీ నైజాం తెలుగు భలే ముచ్చటగా ఉంటుందండి" అంటాడు. నేను చదివిన పుస్తకాల పేర్లు కూడా పలకడం చేతకాని మనిషి. అయినా అక్కడికి రాను. ఎందుకు రావాలి? పద్దెనిమిదేళ్లు నా కింద పనిచేసి, చట్టంలో అ ఆ లు నా దగ్గర దిద్దినవాడికి, నేను ఊరు విడిచేనాడు నాలుగు బీరువాల పుస్తకాలు అప్పగించి వచ్చాను. తిరిగివ్వమని మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆ పుస్తకాలు తిరగేసే ఇవాళ సర్కారు పక్షాన వాదిస్తున్నాడు. నా మార్జిన్లలో నా అక్షరాలు వాడికి దారి చూపిస్తున్నాయి.

పనిలోకి రా. నలభై ఏళ్లు చేసిన పని కనుక ఒక సూత్రం చెబుతాను. ముద్దాయిని "నువ్వు చేశావా" అని అడగకు. ఎన్నడూ అడగకు. చేశానన్నాడంటే నీ చేతులు కట్టేసినట్టే. చెయ్యలేదన్నాడంటే నమ్మాలా వద్దా అని నీకు నిద్ర పట్టదు. వాడు చెప్పబోయినా ఆపు. మనకు కావలసింది నిజం కాదు, సర్కారు చూపించలేని సంగతి. వాళ్ల దగ్గర కళ్లతో చూసిన సాక్షి లేడు. తెరిచి ఉన్న తూము ఉంది, అంతే. ఆ తూము ఎవరైనా తెరవొచ్చని చూపించు, లేదా ఇతను తెరవలేడని చూపించు.

సాయిలును నేను ఎరుగుదును. కాదు, అతని తండ్రిని. అతని ఇంటికి పో. మనిషిని తలనుంచి కాలిదాకా చూడు. పనికొచ్చేది ఏదైనా కనపడితే రాయి.

మాణిక్యరావు మొహం ఎలా ఉందో కూడా రాయి. ఒళ్లు చేశాడా?

నీ మామ,
వీరేశం


చాదర్‌ఘాట్
12 జూన్ 1949

ప్రియమైన మామయ్యకు,

నిన్న మొదటి విచారణ అయింది. మన పరువు పోయింది. చెబుతాను.

మేజిస్ట్రేటు కొత్తగా మద్రాసు వైపునుంచి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. "నీరడి అంటే ఏమిటండీ?" అని మొదటే అడిగాడు. భూమయ్య గారు లేచి, "నీళ్లిడిచేటోడు హుజూర్" అన్నారు. అంతవరకు బాగానే ఉంది. మొగిలిని జిరహ్ చేసేటప్పుడు నా చీటీలు ఒక్కొక్కటే చదవసాగారు. "తూము దగ్గర సాయిలును చూశావా?" "చూడలే." "వేరే ఎవరినైనా చూశావా?" "లే." నాలుగో చీటీ తీసుకుని, అదే గొంతుతో, "ఇక్కడ కోపంగా అడగాలి" అని చదివేశారు. కోర్టు మొత్తం ఘొల్లుమంది. మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మాణిక్యరావు గారు మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఆ చీటీల మీద అక్షరం నీదే, అల్లుడూ. ఆలోచన ఎక్కడిదో నాకు తెలుసు" అన్నారు. ఒళ్లు చేశారు, అవును.

బయటికొచ్చాక సాయిలు భార్య సక్కుబాయి, "ఏందయ్యా చీటీల వకీలూ, మా ఇంటాయన పానం నీ కాయితం ముక్కల మీదనే ఉన్నదా?" అంది.

ఇవాళ సైకిలుమీద ఖాజాగూడ పోయాను. టోలీచౌకి దాటాక రాయదుర్గం బండల మధ్య దారి ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. రెండు చోట్ల సైకిలును నేనే మోశాను. మీరు చెప్పినట్టే సాయిలును తలనుంచి చూస్తూ వచ్చాను. ఎడమ చెవిలో దూది ఉంది. ఏమిటని అడిగాను. సక్కుబాయే చెప్పింది. ఏడాదిగా చీము కారుతోందట. మునిగేటప్పుడు మైనం పెట్టుకుంటాడట.

అంతలో సాయిలు కోపంగా ఆమెను ఆపాడు. తర్వాత నాతో, "చిన్న వకీలూ, గీ చెవి ముచ్చట ఊర్ల ఎరుక కావద్దు. మునుగలేనోనికి నీరడితనం ఉండది. లచ్చిరెడ్డి పటేలు మొగిలిని పెడుదామని ఎన్నడో సూస్తుండు. జైలుకు పోతె వస్త. నీరడితనం పోతె ఇగ రాదు" అన్నాడు.

ఇంకో మాట. నేను లేవబోతుంటే, "అయ్యా, గా దినం సంగతేందంటె, గది కింది మడికట్ల..." అని ఏదో చెప్పబోయాడు. మీ సూత్రం గుర్తొచ్చి, చెయ్యెత్తి ఆపాను. నోరు మూసుకున్నాడు. రెండోసారి కూడా మొదలుపెట్టాడు. అప్పుడూ ఆపాను. సరిగానే చేశానా?

మీ
రామచంద్రం


బెజవాడ
18 జూన్ 1949

చిరంజీవి రామచంద్రానికి,

చెవి! ఆ చెవిని కాలేజీవాళ్లు పతకంలో పొదిగి నీ మెడలో వెయ్యాలి.

ఆలోచించు. సర్కారు వాదన ఏమిటి? ఆ తూమును మునిగి తియ్యగలవాడు నీరడి ఒక్కడే, కనుక నీరడే తీశాడు. మనం ఏమంటాం? ఈ నీరడి ఏడాదిగా మునగలేడు. వాళ్ల గొలుసులో ఉన్నది ఒక్కటే లంకె. అది తెగింది. దవాఖానకు తీసుకుపో. చెవుల డాక్టరుచేత కాగితం రాయించు. కోర్టుకు పిలిపించు. మాణిక్యరావుకు ఒక్క ప్రశ్న కూడా దొరకదు. పద్దెనిమిదేళ్లు నా దగ్గర ఉన్నా వైద్య సాక్ష్యాన్ని జిరహ్ చేయడం వాడికి పట్టుబడలేదు. ఆ పుస్తకాన్ని నేను నాతోనే తెచ్చుకున్నాను.

నీరడితనం పోతుందన్న భయం గురించి రాశావు. ముద్దాయిలందరూ ఇంతే. ఇల్లు కాలిపోతుంటే వాకిట్లో చీపురు ఎక్కడుందని వెతుకుతారు. ముందు స్వేచ్ఛ, తర్వాత ఉద్యోగం. ఈ మాట అతనికి అర్థమయ్యేట్టు చెప్పడం నీ పని. అర్థం కాకపోతే చెప్పకుండానే చెయ్యి. రోగి ఒప్పుకుంటేనే కత్తి పెడతానని ఏ వైద్యుడైనా కూర్చుంటాడా?

ఆపావు కదా, మంచి పని చేశావు. ఇకముందూ ఆపు.

భూమయ్య చదివిన నాలుగో చీటీ గురించి రెండు రోజులు నవ్వుకున్నాను. ఆ ఘనత పదిమందికీ చెప్పుకుందామంటే ఇక్కడ అర్థమయ్యేవాడు లేడు.

నీ మామ,
వీరేశం


చాదర్‌ఘాట్
21 జూలై 1949

ప్రియమైన మామయ్యకు,

మీరు గెలిచారు.

డాక్టరు గారు సాక్ష్యం ఇచ్చారు. చెవి లోపలి పొర చిరిగిందని, ఈ చెవితో నీళ్లలో మునిగితే కళ్లు తిరిగి ప్రాణమే పోవచ్చని, మునగకూడదని చెప్పారు. నేను చీటీమీద, "అంటే ఇతను మునగలేడు కదా?" అని రాశాను. భూమయ్య గారు అదృష్టవశాత్తు అది మాత్రమే చదివారు. డాక్టరు గారు కాస్త ఆగి, "ఇటువంటి మనిషి మునుగుతాడని నేను అనుకోను" అన్నారు. మేజిస్ట్రేటు రాసుకున్నాడు. మాణిక్యరావు గారు రెండు ప్రశ్నలు అడిగి కూర్చున్నారు. తీర్పు సెప్టెంబరు మొదటి వారంలో అన్నారు. బయట భూమయ్య గారు నా భుజం తట్టి, "కొట్టేసినట్లే పోరగా" అన్నారు.

సాయిలును ఒప్పించే దవాఖానకు తీసుకుపోయానని మీకు రాయాలని ఉంది. అబద్ధం. చెవికి మందు వేయిస్తానని తీసుకుపోయాను. మందూ వేయించాను. కాగితం సంగతి కోర్టులోనే అతనికి తెలిసింది. డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ మా ఇద్దరినీ కాక, వెనక బల్లమీద కూర్చున్న లచ్చిరెడ్డి పటేల్‌ను చూస్తున్నాడు. పటేల్ మొహంలో బాధ ఏమీ లేదు. అది నాకు నచ్చలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు సాయిలు నన్ను దాటి ముందుకు నడిచిపోయాడు. సక్కుబాయి మాత్రం, "బిడ్డా, నువ్వు సదువుకున్నవ్. మంచికే చేసినవనుకుంట" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మీ
రామచంద్రం


బెజవాడ
27 జూలై 1949

చిరంజీవి రామచంద్రానికి,

రెండు ప్రశ్నలు అడిగి కూర్చున్నాడా! ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఆ రెండు ప్రశ్నలేమిటో రాయకపోవడం నీ తప్పు. వెంటనే రాయి. కూర్చునేటప్పుడు కోటు గుండీ విప్పుకున్నాడా? ఓడినప్పుడు అలా చేస్తాడు.

తక్కినవన్నీ సర్దుకుంటాయి.

వీరేశం


చాదర్‌ఘాట్
16 ఆగస్టు 1949

మామయ్యకు,

గుండీ సంగతి నేను చూడలేదు.

మొన్న ఆదివారం పటేల్ ఊరందరినీ చెరువు కట్టమీదికి పిలిచాడు. నాకు కబురు సక్కుబాయి పంపింది. నేను వెళ్లేసరికి అందరూ చేరారు. వానలు బాగా పడ్డాయి, చెరువు నిండుగా ఉంది. పటేల్ మంచం వేయించుకుని కూర్చున్నాడు. పక్కన మొగిలి కొత్త తలగుడ్డ కట్టుకుని నిలబడ్డాడు.

పటేల్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "సాయిలు మీద నాకేం కోపం లేదు. కచేరిల ఆయన వకీలే చెప్పిండు, డాక్టరు సాబు చెప్పిండు, ఏడాదికెంచి మునుగలేడని. సర్కారు దవాఖాన మాట కాదంటమా? రేపు చెరువు తెగేటట్లుంటె తూము ఎవలు తీస్తరు? ఊరు మునుగొద్దు గదా. నీరడితనం మొగిలికి ఇద్దాం. ఏమంటరు?"

కింది మడికట్ల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలామె, నీలమ్మ అట, "మొగిలిగాడు మోకాటి లోతుల మునుగుతడా?" అంది. నలుగురు నవ్వారు. పటేల్ కూడా నవ్వాడు. "నేర్చుకుంటడు. మునుగలేనోనికన్న నయమే" అన్నాడు.

సాయిలు అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని చూశాను. లేదు. తర్వాత చెవిలో దూది తీసి పారేశాడు. అంగీ విప్పి సక్కుబాయికిచ్చాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "సాయిలూ, తీర్పు ఇంకా రాలేదు. ఇప్పుడు మునిగితే నువ్వు మునగగలవని నువ్వే చూపించినట్టవుతుంది. జైలుకు పోతావు" అన్నాను. అందరికీ వినపడేట్టే అన్నాను, ఏం చెయ్యను.

"నాకెరుకే" అన్నాడు. "చెయ్యి ఇడువు."

దిగాడు. నేను చూస్తూ ఉన్నాను. ఎంతసేపో చెప్పలేను. నీలమ్మ వేళ్లమీద లెక్కపెడుతోంది. తూము వైపు కాలువలో నీళ్లు ఒక్కసారి ఉరికి వచ్చాయి. ఆ తర్వాత అతని తల పైకొచ్చింది, చేతిలో బిరడా. కట్ట ఎక్కుతుంటే రెండుసార్లు పక్కకు ఒరిగాడు. చెవినుంచి నెత్తురు మెడమీదికి కారుతోంది. ఆ బిరడా తెచ్చి పటేల్ మంచంమీద, పటేల్ పక్కనే పెట్టాడు. నీళ్లు మంచం నులకలోంచి కారుతున్నాయి.

"చెప్పు పటేలా. ఎవలు నీరడి?"

కింది మడికట్ల వాళ్లు అరిచారు. పటేల్ లేచి ధోవతి దులుపుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు మామయ్యా. సంతోషంగా ఉన్నాడు. "శానా మంచిగ మునిగినవ్ సాయిలు. మార్చిల గూడ గిట్లనే మునిగినవా?" అన్నాడు.

ఇవాళ మాణిక్యరావు గారు పదకొండు మంది సాక్షుల పేర్లతో దరఖాస్తు పెట్టారు. విచారణ మళ్లీ తెరిచారు. సాయిలును మేజిస్ట్రేటు తానే అడుగుతాడట. ఏం చెయ్యాలి?

రామచంద్రం


బెజవాడ
21 ఆగస్టు 1949

రామచంద్రం,

మూర్ఖుడు. నీ గురించి కాదు, ఆ నీరడి గురించి. ఇంకో పదిహేను రోజులు ఆగలేకపోయాడు.

ఇప్పటికీ చెయ్యిదాటలేదు. ఆగస్టులో మునిగినవాడు మార్చిలో కూడా మునిగాడని ఎక్కడుంది? ఊరంతా అవమానిస్తే ప్రాణానికి తెగించి ఒక్కసారి మునిగాడు, చెవినుంచి నెత్తురు వచ్చింది, అంటే డాక్టరు చెప్పిందే నిజమైంది. ఇలా వాదించండి. సాయిలుకు ఒక్కటే వాక్యం నేర్పు: "ఆ ఒక్కరోజే మునిగాను." ఇంకేం మాట్లాడొద్దను. పదిసార్లు చెప్పించు. మాణిక్యరావు రెచ్చగొడతాడు. ఆ విద్య వాడికి నేనే నేర్పాను.

వీరేశం


చాదర్‌ఘాట్
10 సెప్టెంబరు 1949

మామయ్యకు,

పదిసార్లు చెప్పించాను. పదిసార్లూ చెప్పాడు.

మాణిక్యరావు గారు రెచ్చగొట్టలేదు. అసలు లేవనే లేదు. మేజిస్ట్రేటు మామూలుగా, పక్కింటివాణ్ని అడిగినట్టు అడిగాడు. "నువ్వు మునగగలవా?"

సాయిలు నన్ను చూశాడు. పటేల్ను చూశాడు. "మునుగుత దొరా. అది నా పని."

"మరి మార్చిలో తూము తెరిచిందెవరు?"

భూమయ్య గారు లేచారు. సగం లేచేసరికే అయిపోయింది.

"నేనే తెరిచిన."

"ఎందుకు తెరిచావయ్యా?"

"గా దినం కింది మడికట్ల వంతుండె దొరా. ఏడు దినాలకు ఒక్కపారి వాళ్లకు నీళ్లియ్యాలె. మా తాత కాడికెంచి గంతే. పటేలు తన చెరకుకు కావాలె, తియ్యొద్దన్నడు. పటేలు వద్దంటె వంతు ఆగుతదా? పొద్దుగూకంగ బిరడా పెడుదామని పోతుంటె జవాన్లు దొరకవట్టిరి. పదకొండు దినాలు హవాలాతుల ఉన్న. బిరడా ఎవలు పెట్టాలె? అందుకే చెరువు ఖాళైంది."

మామయ్యా, ఇది వినండి. తూము తెరవడం అతని నేరం కాదు, అతని విధి. నీళ్లు వృథా అయ్యింది అతన్ని పట్టుకుపోయినందుకు. కింది మడికట్లలో పద్దెనిమిది ఇళ్లున్నాయి. ఆ రోజు తమ వంతని ప్రతి ఒక్కరూ సాక్ష్యం చెప్పేవాళ్లు. కేసు జూన్‌లోనే పోయేది. ఆ మాటే అతను రెండుసార్లు నాతో చెప్పబోయాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

మేజిస్ట్రేటు అడిగాడు, "ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"అడగలే దొరా. చెప్పబోతె వద్దన్నరు. వకీళ్ల తీరు వకీళ్లకుంటది అనుకున్న."

చేతిలో ఉన్న ఖాళీ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను. మాణిక్యరావు గారు అప్పుడు లేచి ఒక్కటే అన్నారు. "జూలైలో వారి వకీలే ఇతను మునగలేడన్నాడు. ఇవాళేమో మునిగాను, అది వాళ్ల వంతు రోజు అంటున్నాడు. ఏది నమ్మాలో కోర్టువారి ఇష్టం." నిజమేగా.

ఆరు నెలల శిక్ష. వంతు కథ ఆఖరిన అల్లిందని, నమ్మలేనని మేజిస్ట్రేటు రాశాడు. కారణం సాయిలు అబద్ధమాడటం కాదు. మనం ఆడించడం.

ఏప్రిల్ నుంచి మీరు నాకు అయిదు ఉత్తరాలు... కాదు, నాలుగు రాశారు. ఇవాళ అన్నీ ముందు పెట్టుకున్నాను. మాణిక్యరావు గారి ప్రస్తావన ప్రతి దాంట్లోనూ ఉంది, తక్కిందేమో ఎక్కడ పట్టిందో అక్కడ ఉంది. సాయిలు పిల్లలెందరో మీరు ఒక్కసారి అడగలేదు. నేనూ రాయలేదు. నా నివేదికకు శీర్షిక ఏం పెట్టమంటారు?

రామచంద్రం


బెజవాడ
3 అక్టోబరు 1949

ప్రియమైన రామచంద్రానికి,

ఇరవై రోజులు జవాబు రాయలేదు. ఏడుసార్లు రాసి చించాను. మొదటి నాలుగింట్లో తప్పు నీదని రాశాను. అయిదో దాంట్లో భూమయ్యది. ఆరో దాంట్లో ఆ మేజిస్ట్రేటుది. ఏడో దాంట్లో మాణిక్యరావుది, అది అన్నిటికన్నా పొడుగ్గా వచ్చింది, అందులో వాక్యాలు బాగా కుదిరాయి కూడా. చదివి చూసుకున్నాను. అరవై రెండేళ్లు వచ్చి, ఇన్ని పుస్తకాలు చదివి, ఇంత బాగా తిట్టడం నేర్చుకున్నానా అనిపించింది.

ఈ కేసులో నేను సాయిలును చూడలేదు. నీ ద్వారా కోర్టులో కూర్చుని మాణిక్యరావును చూశాను. ఆ సూత్రం దొంగలకోసం చేసింది. దొంగ కానివాడికి కూడా అదే వర్తిస్తుందా అని నలభై ఏళ్లలో ఒక్కసారి ఆగి ఆలోచించలేదు. ఇంకా ఎందరి నోళ్లు అలా మూశానో. లెక్క నా దగ్గర లేదు. ఉంటే బాగుండేదేమో, లేకపోవడమే నయమేమో.

ఇక విను. అప్పీలు వెయ్యండి. ఆధారం నేనిస్తాను. ముద్దాయిని అడగవద్దని, చెప్పబోతే ఆపమని నేనే ఆదేశించానని, ఆ ఉత్తరాలు నావేనని ప్రమాణం చేసి రాసిస్తాను. అవి నీ దగ్గరున్నాయి, చింపకు. నేనే వచ్చి బోనులో నిలబడతాను. నా వకీలు సనదు పోతుంది. పోనీ. మాణిక్యరావు నన్ను జిరహ్ చేస్తాడు. మూడు రోజులు చేస్తాడు. నా పుస్తకాలతో, నా మార్జిన్లు చూసుకుంటూ చేస్తాడు. చెయ్యనీ. నా జీవితంలో వాడికి ఆ అవకాశం ఇవ్వకూడదనుకున్నాను. ఇస్తాను.

మెయిలు బండికి టిక్కెట్టు కొనుక్కుంటున్నాను. తారీఖు రాయి.

ఇట్లు,
వీరేశం


చాదర్‌ఘాట్
16 అక్టోబరు 1949

ప్రియమైన మామయ్యకు,

మీ ఉత్తరం పట్టుకుని చంచల్‌గూడ జైలుకు పోయాను. సక్కుబాయి కూడా వచ్చింది. ఊచలకవతల నిలబడిన సాయిలుకు మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. మీ సనదు పోవడం, మీరు బోనెక్కడం, అన్నీ. శ్రద్ధగా విన్నాడు. తర్వాత మొదటిసారి నేను అడిగాను. "అప్పీలు వెయ్యమంటావా?"

"వద్దు" అన్నాడు.

అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాను. గెలుస్తామని, నిర్దోషి అంటారని.

"పెద్ద వకీలు సాబుకు నా దండం చెప్పు. ఆయన పరేషాన్ కావద్దను. మల్ల కచేరికి పోతె మల్ల చెవి ముచ్చట తీస్తరు. డాక్టరు కాయితం మల్ల సదువుతరు. మునుగుతడా, మునుగడా అని మల్ల మొదలు. ఇప్పుడు రాసిందే మంచిగున్నది."

"ఏం మంచిగుంది సాయిలూ? ఆరు నెలలు వేశారు."

"నువ్వే గదా సదివినవ్. నీరడి అని రాయలేదా?"

రాసి ఉంది. మూడో పేరాలో రాసి ఉంది. "ఖాజాగూడ చెరువు తూమును నీట మునిగి తెరవగల సమర్థతా, వంశపారంపర్యంగా నీరడి హక్కూ కలవాడు ఈ ముద్దాయి ఒక్కడే." శిక్ష వెయ్యడానికి మేజిస్ట్రేటు రాసుకున్న కారణం అది. దాంతో మొగిలి పని అయిపోయింది. సర్కారు ముద్ర ఉన్న కాగితం మీద నీరడి సాయిలే. పటేల్ కాదనాలంటే తను గెలిచిన తీర్పునే కాదనాలి. నేను ఆ పేరా పదిసార్లు చదివాను మామయ్యా. మీరూ నేనూ అందులో శిక్ష చూశాం.

ఇప్పుడు వంతులు సక్కుబాయి చూస్తోంది. పోయిన వంతునాడు తనే మునిగిందట. "ఆడిది తూముల దిగుడేంది" అని పటేల్ కట్టమీదికొచ్చాడట. "నీరడి ఇంటిదాన్ని పటేలా. కాయితం నీ దగ్గర గూడ ఉన్నది గదా, సదువుకో" అని, తడి కొంగు పిండుకుంటూ ఇంటికి పోయిందట. చెబుతూ నవ్వింది. నన్ను చీటీల వకీలని ఇంకా అంటూనే ఉంది. మార్చికి, యాసంగి తాబి పంట చివరి నీళ్లకు, సాయిలు బయటికొస్తాడు. పిల్లలు ముగ్గురు. రాయలేదని గుర్తొచ్చి రాస్తున్నాను.

కనుక మీరు బోనెక్కే పని లేదు. మాణిక్యరావు గారికి ఆ మూడు రోజులు దొరకవు. మీకూ దొరకవు. బాధగా ఉంటుందని తెలుసు. నాకూ ఉంది. కాలేజీకి నివేదిక ఇచ్చాను. జరిగింది జరిగినట్టు రాశాను. మార్కులు తక్కువే వచ్చాయి.

సాయిలు అడిగింది ఒక్కటే. తీర్పు ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులో రాయించి, కట్టమీద ఊరందరి ముందు, పటేల్ ఉండగా చదివించాలట. "పెద్ద వకీలు సాబుకు రాత మంచిగుంటదట గదా, ఆయన్నే రాయుమను" అన్నాడు. నకలు దీంతోపాటు పంపుతున్నాను. మెయిలు టిక్కెట్టు తిరిగివ్వకండి, రాసిందాంతో సహా మీరే రండి.

మూడో పేరా ఒక్కటి చాలనుకున్నాను. సక్కుబాయి ఒప్పుకోలేదు. అంతా ఉండాలి అంది, సగం చదివితే పటేల్ అబద్ధమంటాడట. కనుక ఏడో పేరా కూడా ఉంటుంది. అది ముద్దాయి వకీళ్ల గురించి. వాళ్లు తమ మనిషిని ఒక్కమాట అడగకుండా మూడు నెలలు కోర్టు కాలం ఎలా పాడుచేశారో, అక్కడ మేజిస్ట్రేటు పెద్ద పెద్ద వాక్యాల్లో రాశాడు. తెలుగులో ఇంకా గట్టిగా వస్తుంది. వదలకండి, మెత్తబరచకండి. అక్షరాలు పెద్దవిగా రాయండి. చదివేది నేనే.

మీ
రామచంద్రం